ఇంటి గుట్టు తెలిసినవాడు

ఇళ్లలోకి దుండగులు చొరబడే హారర్ సినిమాల గురించి ఎవరు రాసినా ఒక మాట రాయకుండా వదలరు. దయ్యం సినిమా చూసొచ్చాక దయ్యాల్లేవులే అనుకుని దుప్పటి కప్పుకోవచ్చు, ఇది మాత్రం ఏ రాత్రయినా ఎవరింట్లోనైనా జరగొచ్చు, అందుకే ఇంత భయం అంటారు. ఆ వెంటనే రెండో మాట. వచ్చినవాడెవడో తెలియదు, ఎందుకొచ్చాడో తెలియదు, పాత పగ లేదు, సొమ్ము మీద ఆశా లేదు, ఆ కారణం లేకపోవడంలోనే అసలు భయముంది అంటారు. ఈ వాదానికి అందరూ చూపించే సాక్ష్యం 2008లో బ్రయన్ బెర్టినో తీసిన ‘ది స్ట్రేంజర్స్’. అందులో చివరికి కుర్చీలకు కట్టేసి ఉన్న జంట మాకే ఎందుకిలా చేస్తున్నారని అడుగుతుంది. మీరు ఇంట్లో ఉన్నారు గనక అని బదులొస్తుంది. ఆ ఒక్క బదులు మీద ఇన్నేళ్లుగా పెద్ద సిద్ధాంతమే కట్టారు. అది తప్పని నా వాదన. (కథల ముగింపులు చెప్పేస్తున్నానని కోప్పడేవారు ఇక్కడే ఆగిపోవచ్చు. చెప్పకుండా ఈ వాదన చేయలేను.)

మొదటి అభ్యంతరం చాలా చిన్నది. ఆ మాట వినబడేసరికి తెల్లారిపోయింది. సినిమా ముగింపుకొచ్చింది. భయపడాల్సిందంతా మనం అప్పటికే భయపడి ఉన్నాం. గంటకు పైగా ఊపిరి బిగబట్టి చూసినదానికి కారణం, ఇంకా చెవిన పడని ఒక డైలాగని చెప్పడం ఏం తర్కం? ఆ మాటకు ఒళ్లు జలదరిస్తుంది, కాదనను. పోస్టరు మీదకూ బాగుంటుంది. కానీ రాత్రంతా మనల్ని కుర్చీ అంచున కూర్చోబెట్టింది అది కాదు.

కూర్చోబెట్టిన షాటు ఏదో చూసినవాళ్లందరికీ గుర్తుంటుంది. లివ్ టైలర్ ఇంట్లో ఒంటరిగా ఉంది. ప్రియుడు సిగరెట్లు తేవడానికి బయటికెళ్లాడు. ఆమె మన ఎదురుగా, తన ధ్యాసలో తానుంది. వెనక చీకటిగా ఉన్న చోటులోంచి గోనెగుడ్డ ముసుగు వేసుకున్న మనిషి ఒకడు నెమ్మదిగా తేలి వచ్చి నిలబడతాడు. కెమెరా అతని వైపు దూకదు. వయొలిన్లు కీచుమనవు. ఆమె తల తిప్పదు. అతను అలా చూస్తూ ఉంటాడు, తర్వాత ఆ చోట ఉండడు. అంతే. కత్తి ఎత్తలేదు, నెత్తురు కారలేదు.

ఇక్కడ భయం ఎక్కడుందో నిదానంగా వెతకండి. అతనెవరో తెలియకపోవడంలో ఉందా? ఆ ముసుగు తీసేసి పోస్టుమాస్టరు లాంటి మామూలు మొహం పెట్టి చూడండి, ఆ షాటు బలం వీసమెత్తు తగ్గదు. పగ తీర్చుకోవడానికి వచ్చిన పాత స్నేహితుడని మనకు ముందే చెప్పి ఉన్నా తగ్గదు. ఆమె గనక వెనక్కి తిరిగి చూసి కెవ్వుమని ఉంటే మాత్రం ఆ షాటు అప్పటికప్పుడు సగం చచ్చిపోతుంది. ఎందుకంటే ఆ షాటులో ఉన్నదల్లా ఒక తేడా. అతను ఇంట్లో ఉన్నాడని అతనికి తెలుసు, మనకు తెలుసు, ఆమెకు తెలియదు. ఎక్కడ నిలబడితే కనబడడో తెలిసేంతగా అతను ఆ ఇంటిని చూసేశాడు. తొందర కూడా లేదు. ఆమె ఛార్జింగుకు పెట్టిన ఫోను తర్వాత కనిపించకుండా పోవడంలోనూ ఇదే ఉంది.

కాబట్టి నేననేది ఇది. ఈ సినిమాల్లో మనల్ని వణికించేవాడు తెలియనివాడు కాడు, తెలిసినవాడు. ఏ గదిలో ఎవరున్నారో, ఏ తలుపుకు గడియ సరిగా పడదో, లైటు స్విచ్చి ఎటువైపుందో ఇంటివాళ్లకంటే వచ్చినవాడికి ఎక్కువ తెలిసిన క్షణాన భయం పుడుతుంది. ఇంటి గుట్టు లంకకు చేటు అన్నవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. చుట్టూ సముద్రం, ఎత్తయిన ప్రాకారాలు, కాపలాకు రాక్షససేన ఉన్న లంకకు ముప్పు తెచ్చింది లోపలి సంగతులన్నీ తెలిసిన విభీషణుడు.

‘ది స్ట్రేంజర్స్’లోనే ఇంకో సంగతి ఉంది, కారణం లేని హింస వాదులు దాన్ని గబగబా దాటేస్తారు. ఆ ఇంట్లో తుపాకీకి మొదట బలయ్యేది ప్రియుడి స్నేహితుడు. కాల్చింది ప్రియుడే. దుండగుడే వస్తున్నాడనుకుని, సాయానికి వచ్చిన స్నేహితుణ్ణి సొంత తుపాకీతో చంపేస్తాడు. ముసుగులవాళ్లు వేలు కూడా కదపనక్కర్లేదు. కారణం లేని హింసే ఈ సినిమా సారమైతే ఈ చావు కథకు అడ్డొచ్చిన ప్రమాదం అవుతుంది. ఇంట్లో ఎవరున్నారో ఇంటివాడికి తెలియకపోవడమే సారమైతే సినిమాకు నడుమ దూలం ఇదే.

ఇక ‘నిజంగా జరిగింది’ అనే మాట. ‘ది స్ట్రేంజర్స్’ మొదట్లోనే నిజ ఘటనల ప్రేరణ అని అక్షరాలు పడతాయి. ఆ నిజమేమిటో బెర్టినోయే చెప్పాడు. చిన్నప్పుడు ఒక రాత్రి తల్లిదండ్రులు లేనప్పుడు ఎవరో తలుపు తట్టారు, చెల్లెలు తీసింది. అక్కడ లేని ఎవరినో అడిగి వెళ్లిపోయారు. వాళ్లు ఆ చుట్టుపక్కల తలుపులు తట్టుకుంటూ పోయి, ఎవరూ పలకని ఇళ్లను దోచుకున్నారని తర్వాత తెలిసింది. అంటే నిజ జీవితంలో, ఇంట్లో మనుషులున్నారు గనక ఆ ఇల్లు బతికిపోయింది! సినిమా దాన్ని తలకిందులు చేసింది. చేసే హక్కు దానికుంది. నిజం కాబట్టే భయం అని మనల్ని నమ్మించే హక్కు మాత్రం విమర్శకులకు లేదు.

ఇంతకుముందూ ఇలాగే జరిగింది. 1952లో పెన్సిల్వేనియాలో జైలు నుంచి పారిపోయిన ముగ్గురు ఖైదీలు ఒక కుటుంబాన్ని 19 గంటలు వాళ్లింట్లోనే నిర్బంధించారు. ఎవరికీ చిన్న దెబ్బయినా తగల్లేదు. వాళ్లు మాతో మర్యాదగానే ఉన్నారని ఆ ఇంటాయన చెప్పాడు. జోసెఫ్ హేస్ ‘ది డెస్పరేట్ అవర్స్’ నవల రాసినప్పుడు అందులో హింస వచ్చి చేరింది. నాటకమైంది, 1955లో విలియం వైలర్ చేతిలో హంఫ్రీ బోగార్ట్ సినిమా అయింది. నాటకం ఆ కుటుంబం కథేనన్నట్టు ‘లైఫ్’ పత్రిక రాసేసరికి వాళ్లు కోర్టుకెక్కారు. సుప్రీంకోర్టులో వాళ్ల తరఫున వాదించింది, అప్పటికింకా అధ్యక్షుడు కాని రిచర్డ్ నిక్సన్. 1967లో ఓడిపోయారు. తమ పేరు జనం నోట నానకూడదని అంత దూరం వెళ్లారు కాబట్టి ఇక్కడ నేనూ రాయడం లేదు.

కారణం లేని హత్యలంటే చాలామంది ట్రూమన్ కపోటీ ‘ఇన్ కోల్డ్ బ్లడ్’ను తలుచుకుంటారు. 1959లో కాన్సస్‌లోని హోల్కమ్ పల్లెలో ఒక రైతు కుటుంబంలో నలుగురిని ఇద్దరు అపరిచితులు చంపేశారు. అపరిచితులే, ఒప్పుకుంటాను. కానీ వాళ్లు ఆ ఇంటికి దారి ఎలా కనుక్కున్నారు? అంతకుముందు ఆ పొలంలో పనిచేసిన ఒకతను జైల్లో వాళ్లలో ఒకడికి చెప్పాడు, ఆ ఇంట్లో ఇనప్పెట్టె నిండా డబ్బుంటుందని. ఇనప్పెట్టె లేనే లేదు. తప్పుడు సమాచారమే, అయినా ఇంటి గురించిన సమాచారమే ఆ కారును వందల మైళ్లు నడిపించింది. 1967లో రిచర్డ్ బ్రూక్స్ ఆ పుస్తకాన్ని సినిమా తీస్తూ, ఏకంగా హత్యలు జరిగిన ఇంట్లోనే చిత్రీకరించాడు. నిజానికి అంతకంటే దగ్గరగా ఎవరూ వెళ్లలేరు. అయినా ఆ ఇంటి గోడలు అసలువి అన్న సంగతి తెలియకుండా చూసినవాడికి భయం పైసంతైనా తగ్గదు.

మైకేల్ హానెకె 1997లో ఆస్ట్రియాలో తీసి, 2007లో అమెరికాలో మళ్లీ షాటు షాటూ తానే తీసుకున్న ‘ఫన్నీ గేమ్స్’ నా వాదానికి గట్టి ఎదురుదెబ్బ అని మిత్రులు అంటుంటారు. నిజమే, అందులో ఒక కుటుంబాన్ని హింసించే ఇద్దరు కుర్రాళ్లకు కారణం లేదు. ఎందుకని అడిగితే తలో అబద్ధం చెప్పి నవ్వుతారు. కానీ నా కడుపులో దేవినట్టయింది ఆ అబద్ధాల దగ్గర కాదు, గుడ్ల దగ్గర. సరస్సు ఒడ్డున సెలవుల ఇల్లు. తెల్లటి గ్లోవ్స్ తొడుక్కున్న కుర్రాడొకడు వంటింటి గుమ్మంలో నిలబడి, పక్కింటావిడ పంపింది, నాలుగు కోడిగుడ్లు ఇస్తారా అని అడుగుతాడు. ఇస్తుంది. చేజార్చి పగలగొడతాడు. ఆమె నేల తుడిచి మళ్లీ ఇస్తుంది. ఈలోగా ఆమె ఫోను సింకు నీళ్లలో పడుతుంది, అయ్యో క్షమించండి అంటాడు. ఆ గుడ్లూ పగులుతాయి. మళ్లీ అడుగుతాడు. అప్పటికింకా ఎవరూ ఎవరినీ కొట్టలేదు. మొదటి చెంపదెబ్బ కొట్టింది ఇంటాయనే! అయినా ప్రేక్షకుడు నలిగిపోతుంటాడు. ఆ కుర్రాడికి వాళ్ల మర్యాద ఏ మేరకు సాగుతుందో తెలుసు. ఇంటికొచ్చినవాణ్ణి బయటికి పొమ్మనడానికి ఆ ఇల్లాలు ఎంతసేపు మొహమాటపడుతుందో కొలిచి చూసుకుంటున్నాడు. పర్ణశాల ముందుకు రావణుడు పది తలలతో రాలేదు, భిక్ష అడిగే సన్యాసిగా వచ్చాడు. భిక్ష పెట్టకపోతే తప్పని సీతకు తెలుసు, సీతకు తెలుసని రావణుడికి తెలుసు.

హానెకె తర్వాత రిమోటు నొక్కి సినిమానే వెనక్కి తిప్పేస్తాడు. హింసను వినోదంగా చూసే ప్రేక్షకుడికి పాఠం చెబుతున్నాడట. నా మటుకు భయం ఆ సినిమాను వదిలి వెళ్లిపోయేది సరిగ్గా అక్కడే. తర్వాత మిగిలింది ఉపన్యాసం.

కారణం తెలిస్తే భయం పోతుందన్నది ఈ సిద్ధాంతానికి మూలం కదా. 1967 నాటి ‘వెయిట్ అంటిల్ డార్క్’ ఒక్కటి చాలు దాన్ని కూల్చడానికి. ఫ్రెడరిక్ నాట్ నాటకం, టెరెన్స్ యంగ్ దర్శకత్వం. న్యూయార్కులో కింది భాగంలో ఉండే చిన్న వాటాలో చూపు లేని సూజీ, అంటే ఆడ్రీ హెప్‌బర్న్. ఇంట్లోకి వచ్చే ముగ్గురికీ స్పష్టమైన కారణముంది. ఒక బొమ్మలో హెరాయిన్ దాచారు, ఆ బొమ్మ ఆ ఇంట్లో ఉంది. మనకు ఇదంతా మొదట్లోనే చెప్పేస్తారు. ముసుగుల్లేవు. ఒకడు భర్త స్నేహితుణ్ణంటాడు, ఒకడు పోలీసునంటాడు. ఆమె వాళ్లతో మాట్లాడుతుండగానే వాళ్లు ఆమె కళ్లెదుటే ఇల్లంతా కలియజూస్తుంటారు, కిటికీ తెరలు పైకీ కిందికీ కదిపి బయటివాళ్లకు సైగలు చేస్తుంటారు. తన ఇంట్లో తన ముందు జరుగుతున్నది ఆమెకు తెలియదు.

తర్వాత ఆమె చేసిన పనిని మించింది ఈ తరహా సినిమాల్లో నాకు ఇంతవరకూ కనబడలేదు. ఇంట్లో బల్బులన్నీ పగలగొడుతుంది. ఒక్క దెబ్బతో తూకం తిరగబడుతుంది. చీకట్లో ఆ ఇల్లు ఆమెకు అరచేతిలో గీతలాంటిది, వాళ్లకు బావి. ఆ చివరి నిమిషాల్లో హాల్లోని దీపాలు కూడా చట్టం ఒప్పుకున్నంత వరకు ఆర్పేయమని థియేటర్లకు చెప్పి, ఆ సంగతిని ప్రకటనల్లో కూడా వేసుకున్నారు. అంతా ఆమె వైపు తిరిగిందనుకున్నప్పుడు ఆ ముగ్గురిలో ఒకడైన అలన్ ఆర్కిన్ ఫ్రిజ్ తలుపు తెరుస్తాడు. లోపల దీపం వెలుగుతుంది. ఆమె మరిచిపోయిన ఒకే ఒక్క బల్బు. ఇంట్లో ఇంటిమనిషికంటే అతనికి ఒక్క వస్తువు ఎక్కువ తెలిసింది, అంతే తేడా. హాళ్లలో జనం అరిచింది హెరాయిన్ గురించి కాదు.

2016లో ఫెడే అల్వారెజ్ ‘డోంట్ బ్రీత్’లో ఇదే లెక్కను అటుదిటు చేశాడు. ఇప్పుడు దొంగలే మనవాళ్లు. డిట్రాయిట్‌లో పాడుబడ్డ వీధిలో కళ్లు లేని ముసలి మాజీ సైనికుడి ఇంట్లో డబ్బుందని ముగ్గురు కుర్రకారు చొరబడతారు. నేలమాళిగలో ముసలాయన దీపాలార్పేసిన క్షణం నుంచి వణికేది చొరబడినవాళ్లు, వాళ్లతో పాటు మనం. ఇంట్లోకి అపరిచితుడు రావడమే భయానికి మూలమైతే అపరిచితుల కోసం మనమెందుకు భయపడుతున్నాం? జవాబు ఒక్కటే. ఇల్లు ఎవరికి తెలుసో వాడు బలవంతుడు, ఎవరికి తెలియదో వాడి పక్కన మనం ఉన్నాం.

‘ప్యానిక్ రూమ్’ సినిమాలో దొంగల్లో ఒకడికి, దుండగులొస్తే ఇంటివాళ్లు దాక్కునే అలాంటి గదులు కట్టడమే వృత్తి. ‘పారసైట్’లో వానరాత్రి బెల్లు కొట్టే పాత పనిమనిషికి ఆ ఇంటి కింద ఏముందో తెలుసు, ఇంటి యజమానికి తెలియదు. ఇవి చాలు.

ఈ అపరిచితుడి సిద్ధాంతం అడుగున ఒక నమ్మకముంది. ఇల్లు క్షేమం, అపాయం బయట ఉంటుంది, తలుపు ఆ రెంటికీ మధ్య సరిహద్దు. ఎవరికి క్షేమం? ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల విభాగం 2018లో వెలువరించిన అంచనా ప్రకారం, 2017లో ప్రపంచంలో ఉద్దేశపూర్వకంగా హత్యకు గురైన స్త్రీలు సుమారు 87,000 మంది. వాళ్లలో సుమారు 50,000 మందిని చంపింది భర్తో, ప్రియుడో, కుటుంబంలో మరొకరో. నూటికి 58 మంది. వాళ్లలో చాలామంది విషయంలో చంపినవాడు తలుపు పగలగొట్టి రానక్కర్లేదు, తాళంచెవి వాడి జేబులోనే ఉంటుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని అనడమైతే అనుకుంటాం, సినిమా దగ్గరికొచ్చేసరికి గోనె ముసుగు కోసం వెతుకుతాం.

లీ వానెల్ 2020లో తీసిన ‘ది ఇన్విజిబుల్ మ్యాన్’ మొదటి సన్నివేశం చూడండి. సముద్రపు ఒడ్డున అద్దాల కోటలాంటి ఇల్లు. అర్ధరాత్రి ఎలిజబెత్ మాస్ మంచం దిగుతుంది. పక్కన పడుకున్నవాడికి మత్తుమందు పెట్టింది. కెమెరాలు ఆపుతుంది, అలారం ఆపుతుంది, అడుగులో అడుగు వేస్తుంది. కుక్క తగిలి కారు అలారం మోగుతుంది. చీకటి, నిశ్శబ్దం, చిన్న చప్పుడుకే ప్రాణం పోవడం, ఈ తరహా సినిమాల సరంజామా అంతా ఉంది. ఇంట్లోకి మాత్రం ఎవరూ రావడం లేదు, ఒక స్త్రీ తాను కాపురముంటున్న ఇంట్లోంచి బయటికి వెళ్తోంది. అపరిచితుడి సిద్ధాంతం దగ్గర ఈ పది నిమిషాలకు సమాధానం లేదు. 1991 నాటి ‘స్లీపింగ్ విత్ ది ఎనిమీ’లోనూ అంతే. పారిపోయి వేరే ఊళ్లో వేరే పేరుతో బతుకుతున్న జూలియా రాబర్ట్స్ ఒక రాత్రి స్నానాల గదిలోకి వెళితే, తువ్వాళ్లు కొలత పెట్టినట్టు సమంగా వేలాడుతుంటాయి. అలా ఉండాలని పట్టుబట్టేది ఒక్కడే. ఆయుధం లేదు, మనిషి కూడా కనబడడు. సర్దిన తువ్వాళ్లు చాలు.

మన ఇళ్లకు ఈ భయం పట్టదని తెలుగు ప్రేక్షకుల్లో కొందరు అంటారు. కిటికీలకు ఊచలున్నాయి, ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు, గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు. అద్దాల తలుపులు పెట్టుకుని అడవి పక్కన ఉండే అమెరికా వాళ్ల గొడవ ఇదట. అయితే మన రామ్ గోపాల్ వర్మ 1999లో హిందీలో ‘కౌన్’ తీశాడు. రాసింది అనురాగ్ కశ్యప్. పాటల్లేవు. వాన, ఒక పెద్ద ఇల్లు, అందులో ఒంటరిగా ఊర్మిళా మతోండ్కర్, టీవీలో హంతకుడి వార్త. బెల్లు మోగుతుంది. మనోజ్ బాజ్‌పాయ్ నిలబడి, అక్కడ లేని మల్హోత్రా గారి కోసం అడుగుతాడు. ‘ది స్ట్రేంజర్స్’లో అక్కడ లేని తమరా కోసం తలుపు తట్టడానికి ఇది తొమ్మిదేళ్ల ముందటిది. గంటన్నర పాటు మనం ఆ వాగుడుకాయను అనుమానిస్తూ, తలుపు తీయకమ్మా అని ఆమెకు మనసులో చెప్పుకుంటూ ఉంటాం. చివరికి తేలేదేమంటే హంతకి ఆమే, ఆ ఇల్లు ఆమెది కాదు. గుట్టంతా లోపలున్న మనిషి దగ్గరుంది. తలుపు బయట నిలబడినవాడికే ఏమీ తెలియదు, పాపం.

తెలిసినవాడు అనగానే పనివాళ్ల మీద, ఇస్త్రీ అబ్బాయి మీద అనుమానాలు పెంచుకునేవాళ్లుంటారు. నేననేది అది కాదు. నిజానికి ఆ అనుమానం అపరిచితుడి సిద్ధాంతానికి చెల్లెలే, రెండూ కలిసి తాళాలూ కెమెరాలూ అమ్మిపెడతాయి.

ప్రతిపక్షంలో బలమైన మాట ఒకటుందని ఒప్పుకోవాలి. కారణం ఉన్నవాడితో బేరమాడొచ్చు, డబ్బిచ్చి పంపొచ్చు, కాళ్లు పట్టుకోవచ్చు. కారణం లేనివాడితో ఆ దారీ మూసుకుపోతుంది. నిజమే. సినిమా అయ్యాక మనసులో మిగిలే చేదుకు అది కారణం కావచ్చు. కానీ అది నిస్సహాయత, దుఃఖానికి దగ్గరి చుట్టం. సినిమా నడుస్తుండగా గొంతు తడారిపోయే సంగతి వేరు. రెంటినీ కలిపేసినందువల్లే 2024లో రెనీ హార్లిన్ ‘ది స్ట్రేంజర్స్: చాప్టర్ 1’ తీశాడు. అవే ముసుగులు, అదే తలుపు చప్పుడు, తమరా ఉందా అనే అదే ప్రశ్న. కారణం లేకపోవడం ఏమాత్రం తగ్గలేదు. విమర్శకులు ఉతికి ఆరేశారు. కారణం లేకపోవడమే మందైతే అదే మోతాదు ఈసారి ఎందుకు పనిచేయలేదో ఆ సిద్ధాంతం చెప్పాలి. నాకు కనిపించిన లోపం, ఆ ఇంట్లో ఎవరు ఎక్కడున్నారో మనం లెక్కపెట్టుకునే వ్యవధే ఇవ్వలేదు. ముసుగు కనబడుతుంది, చప్పుడవుతుంది, ఉలిక్కిపడతాం, మరిచిపోతాం.

దీనికి పక్కన అశ్విన్ శరవణన్ 2019లో తెలుగు, తమిళాల్లో తీసిన ‘గేమ్ ఓవర్’ను పెట్టి చూడండి. తాప్సీ పాత్ర వీడియో గేములు తయారుచేసే అమ్మాయి, చీకటంటే వణుకు, కాళ్లు విరిగి చక్రాల కుర్చీలో ఉంటుంది. తోడు పనిమనిషి కళమ్మ ఒక్కతే. ముసుగులు వేసుకున్న హంతకులు వస్తారు, ఆమె చనిపోతుంది. అదే రాత్రి మళ్లీ మొదలవుతుంది. గేములో మూడు ప్రాణాలున్నట్టు ఆమెకు మూడు అవకాశాలు. రెండోసారి వాళ్లు వస్తారని మనకు తెలుసు, ఆమెకూ తెలుసు. అపరిచితుడి సిద్ధాంతం ప్రకారం అక్కడితో భయం చల్లారాలి, తెలియనిదంటూ ఇక మిగల్లేదు కదా. చల్లారకపోగా పెరుగుతుంది. ఆ ఇల్లు ఇప్పుడు మనకూ కంఠతా వచ్చింది. కుర్చీ ఏ గుమ్మం దగ్గర ఆగిపోతుందో, ఎటు తిరగడానికి ఎంతసేపు పడుతుందో లెక్క కడుతూ చూస్తాం, హంతకులు కూడా అదే లెక్క కడుతున్నారని తెలిసి చూస్తాం. మూడోసారికి ఆమె వాళ్లకంటే ముందుంటుంది, ఎదురు తిరిగి గెలుస్తుంది. వాళ్లెవరో, ఎందుకొచ్చారో అన్న ప్రశ్న ఆ మూడో రాత్రి ఎవరికీ గుర్తు రాదు.